సంతకం లేని పాఠాలు

మొన్న మా డయాలసిస్ వార్డులో అలమర సర్దుతుంటే పాత శిక్షణ ఫైలొకటి బయటపడింది. అందులో మా ఆడపడుచు పత్రం ఉంది. సగానికి పైగా గళ్లు ఖాళీ. సౌదీలో, దమ్మామ్‌లోని ఈ ఆసుపత్రికి కొత్తగా వచ్చే నర్సులకు ఏ వారం ఏం నేర్పాలో రాసిపెట్టింది నేనే. పన్నెండు వారాలు, పాఠానికో గడి, గడికో సంతకం. నా వెనక నన్ను ‘టైంటేబుల్ మేడం’ అనేవారు. నాకది బిరుదులాగే ఉండేది.

ఏడేళ్ల కిందట భీమవరం నుంచి ఆమెను పిలిపించిందీ నేనే. ఆమెకు నా పాఠాల వరుస పట్టేది కాదు. ఫైళ్లు రాయడం నేర్చుకోవాల్సిన వారంలో, ఏ మిషను ఎందుకు మోగుతోందో వింటూ నిలబడేది. అరబ్బీ మాటలు నేను తొమ్మిదో వారంలో పెడితే, ఆమె మొదటి వారమే ఓ ముసలి పేషెంటు మంచం పక్కన చేరి నేర్చేసుకుంది. ఆవిణ్ని అందరం ‘మామా’ అనేవాళ్లం. ఇక్కడ పెద్దావిడల్ని అలాగే పిలుస్తారు, మనం అమ్మా అన్నట్టు. మామా అదేపనిగా ఆవులిస్తే చాలు, మిషను చెప్పకముందే బీపీ పడిపోతోందని మా ఆడపడుచు కనిపెట్టేది. నా పుస్తకంలో ఆవులింతకు గడి లేదు. సంతకాలు పెట్టించుకోమంటే, “పని వచ్చేసింది కదా వదినా, కాయితాలు రేపు చూద్దాం లెండి” అని నవ్వేది.

ప్రొబేషన్ ముగిసే రోజున నర్సింగ్ డైరెక్టరు నన్ను పిలిచి, “ఇంకో నెల గడువు ఇమ్మంటావా?” అని అడిగింది. ఊఁ అంటే సరిపోయేది. సొంత మనిషిని వెనకేసుకొచ్చానంటారని నాకు భయం. “రూలు అందరికీ ఒకటే మేడం” అన్నాను. ఫైనల్ ఎగ్జిట్ కొట్టేశారు, అంటే ఉద్యోగమూ వీసా రద్దయి ఇంటికే. ఎయిర్‌పోర్టులో ఆమె, “మీ తప్పేం లేదు వదినా, గళ్లు నిండలేదు కదా” అంది. ఎగతాళి కాదు, నిజంగానే అనుకుంది. నాకేమీ అనిపించలేదు. ఇంటికొచ్చి బియ్యం కడిగాను, మర్నాటి యూనిఫాం ఇస్త్రీ చేశాను.

తర్వాతి వారం మామా ఆవులించడం మొదలుపెట్టింది. పక్కనున్న నర్సుకు అన్ని సంతకాలూ ఉన్నాయి. ఆమె ఫారం నింపుతోంది. నేనూ చూశాను, నాకూ తట్టలేదు. అలారం మోగాక పరుగెత్తాం. మామా బతికింది. తేరుకోగానే మా ఆడపడుచు ఏదని అడిగింది. “సాఫరత్” అన్నాను, ఊరెళ్లిందని.

ఆ తర్వాత వారానికో మధ్యాహ్నం ఏ పాఠమూ పెట్టకుండా వదిలేశాను. కొందరు టీ తాగుతారు, కొందరు ఫోను చూసుకుంటారు, ఎవరో ఒకరు నాకు తెలియంది నేర్చుకొస్తారు. మిగతా గళ్లు తీసెయ్యలేదు. మందు మోతాదు ఎవరి ఇష్టానికి వాళ్లు నేర్చుకునేది కాదు.

మా ఆడపడుచు ఇప్పుడు భీమవరంలోనే ఓ ఆసుపత్రిలో చేస్తోంది. క్రిస్మస్‌కి వెళ్తే నాకే ముందు వడ్డిస్తుంది. ఆ సంగతి ఇద్దరం ఎత్తం. కాలం నొప్పిని తగ్గిస్తుందంటారు. నాకు ఆ నొప్పి ఇంకా మొదలే కాలేదు. ఏడేళ్లు ఆగినది ఇంకెన్నేళ్లు ఆగుతుందో తెలియదు.