చెలమను లోతు చేసిన రోజు

ఆ రోజు చెలమను పారతో లోతు చేసింది నేను. నింద మాత్రం నా బావమరిది మీద పడింది. పడనిచ్చాను.

డెబ్బయిల మొదట్లో, వేసవి సెలవులివ్వగానే మేము తెనాలి నుంచి గూడుబండి కట్టుకుని బాపట్ల దగ్గరి సముద్రానికి వెళ్ళేవాళ్ళం. రేపల్లె నుంచి నా భార్య తమ్ముడు పిల్లలతో మరో బండిలో వచ్చి కలిసేవాడు. సరుగుడు తోట పక్కన తాటాకు పందిరి వేసుకుని వారం రోజులు ఇసుకలోనే వంట, ఇసుకలోనే పడక. ఇంట్లో మంచం కూడా వాల్చని మా బావ ఇక్కడ గుంజలు పాతుతున్నాడు, ఇక వాన తప్పదని వాడు ఆటపట్టించేవాడు.

చేపల వేట మీద బతికే కుటుంబం ఒకటి అక్కడే గుడిసెలో ఉండేది. ఆ ఇంటావిడను అక్కా అనేవాళ్ళం. ఇసుకలో మూరెడు లోతున ఆమె తవ్వుకున్న చెలమే వాళ్ళకూ మాకూ మంచినీళ్ళు. కొబ్బరిచిప్పతో పైపైన తోడుకోవాలి, మళ్ళీ ఊరేదాకా ఆగాలి. ఏటా ఆ మాట చెప్పాకే మాకు చోటిచ్చేది.

ఆ మధ్యాహ్నం ఎడ్లకు దాహం. చిప్పతో తోడితే బాల్చీ నిండటం లేదు. మా పొలంలో గుంట ఎండితే ఇంకాస్త తవ్వుతాం, నీరు పడుతుంది. అదే బుద్ధి పనిచేసింది. పొయ్యి గుంట తీసిన బావమరిది దగ్గర పార అడిగి తీసుకుని ఇంకో మూర తవ్వాను. నీళ్ళు బుడబుడా వచ్చాయి. ఎడ్లు మూతి పెట్టి తల తిప్పేసుకున్నాయి. నోట్లో పోసుకుంటే ఉప్పు. అక్కడ మంచినీరు పైన పలచగా తేలుతుందని, కిందదంతా సముద్రమేనని అప్పుడు తెలిసింది. పారను పొయ్యి దగ్గర పెట్టేసి పందిట్లో కళ్ళు మూసుకుని పడుకున్నాను.

సాయంత్రం అక్క బిందెతో వచ్చి, నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. చెలమ అంచున పార కోత చూసింది. మా దగ్గర పార ఒకటే, అది బావమరిదిదని ఆమెకు తెలుసు.

"నా పిల్లలు తాగే నీళ్ళు తమ్ముడూ. చోటిచ్చినందుకు ఇదా నువ్వు చేసేది?" అంది వాడితో.

వాడు నావైపు చూశాడు.

"బావా, మాట్లాడవేంటి?"

"నేను పడుకున్నాను. నాకేం తెలుసు," అన్నాను.

వాడు ఆమె అన్నవన్నీ తల వంచుకుని విన్నాడు. తర్వాత ఎడ్లను బండికి కట్టాడు. ఎందుకు వెళ్ళిపోతున్నామని కూతురు అడుగుతుంటే ఎత్తి లోపల కూర్చోబెట్టాడు.

"నువ్వొక్క మాట అడిగితే నేనే తవ్వానని చెప్పేవాణ్ణి బావా," అన్నాడు. బండి కదిలింది.

మర్నాడు పొద్దున్నే గుడిసెకు వెళ్ళి అక్కకు జరిగింది చెప్పాను. "అయితే ఆ తమ్ముణ్ణి ఊరికే అన్నానా," అని ఆమె అక్కడే కూలబడింది. పాత గుంట ఇసుకతో పూడ్చి, ఆమె గీసి చూపిన చోట చేతులతోనే మూరెడు తవ్వాను. నీరు తేటపడేదాకా మూడు రోజులు మైలు దూరంలోని బావి నుంచి వాళ్ళింటికి కావడి మోశాను. నాలుగో రోజు, ఆ తమ్ముణ్ణి చూడాలని ఆమె అడిగితే, బండిలో రేపల్లె తీసుకెళ్ళాను. నా భార్య కూడా మాతో వచ్చింది. బావమరిది అరుగు ముందు నిలబడి, అత్తగారూ ఇరుగుపొరుగూ వింటుండగా, తవ్వింది నేనని, అబద్ధమాడింది నేనని చెప్పాను. అక్క వాడి చేతులు పట్టుకుని ఏడ్చింది. వాడు ఆమెనూ నా భార్యనూ లోపలికి తీసుకెళ్ళాడు. నన్ను రమ్మనలేదు. ఎడ్లకు మేత వేసి, ఆమెను తిరిగి దింపడానికి బండి దగ్గర కూర్చున్నాను.