గార తీసే చెయ్యి

పళ్ళ డాక్టరు దగ్గర ఆమె అసిస్టెంటు. పేషెంటు నోట్లో ఊరే నీళ్ళను గొట్టంతో లాగెయ్యడం, పనిముట్లు కడిగి ఆవిరి పట్టించడం, అడిగింది అందించడం ఆమె పనులు. పళ్ళకు పట్టిన గార తీసేది మాత్రం లైసెన్సున్న హైజీనిస్టు. "నొప్పిగా ఉంటే చెయ్యెత్తండి" అంటూ ఆవిడ మొదలుపెట్టగానే, గొట్టం పట్టుకున్న అసిస్టెంటు మణికట్టు కూడా తనకు తెలియకుండానే ఆ చేతితోపాటు తిరుగుతుంది. పంటి చిగురు పక్కన గార పెచ్చు టక్కున ఊడితే ఆమెకు ప్రాణం లేచొస్తుంది.

మొన్న హైజీనిస్టు రాలేదు. "చూసి చూసి నీకూ వచ్చేసుంటుంది, నువ్వే తీసెయ్యమ్మా" అన్నాడు డాక్టరు. ఆమె ఎన్నాళ్ళుగానో కన్నేసి ఉంచిన హైజీనిస్టు స్టూలు మీద కూర్చుని, కొక్కెంలా వంగిన గార తీసే పనిముట్టు చేతిలోకి తీసుకుంది. కుర్చీలోని పెద్దాయన, "మీరు చదువుకున్నవాళ్ళు, నాకేం భయం లేదమ్మా" అని నోరు తెరిచి కళ్ళు మూసుకున్నాడు. ఆమె చెయ్యి ఆయన పెదవి దాకా వెళ్ళి ఆగిపోయింది. "ఆ చదువు నేను చదవలేదండీ. ఆవిడ రేపొస్తారు, రేపు రండి" అని పనిముట్టు ట్రేలో పెట్టేసింది. డాక్టరు సాయంత్రం దాకా ముఖం ముడుచుకునే ఉన్నాడు. ఇంటికొచ్చాక ఆమె అత్తగారి కట్టుడు పళ్ళను దీపం కింద పెట్టుకుని, నడుము నిటారుగా నిలిపి కూర్చుని, పన్ను పన్నుకూ బ్రష్షు తిప్పుతూ మెల్లగా అంది: "నొప్పిగా ఉంటే చెయ్యెత్తండి."

"ఎవరితోనే మాటలు?" అంది పక్కగదిలోంచి అత్తగారు, బోసినోటితో.

"పేషెంటుతో, అత్తయ్యా."