పెద్దనాయన గుండె మీద తెల్లమచ్చ

మా ఇంట్లో పుట్టినవాళ్లకు మాటల కంటే ముందు బేరం వస్తుంది. సూర్యాపేటలో పెద్దనాయనది స్టీలు సామాన్ల దుకాణం, కోదాడలో చిన్నాయనది బట్టల దుకాణం. ఆ రెండింటి మధ్య పెరిగిన నేను ఇప్పటికీ పూలమ్మే ఆమెతో మూర కొలత దగ్గర గొడవపడి, గెలిచాననుకుని, ఇంటికొచ్చాక వాడిపోయిన పూలు చూసుకుంటాను.

అలాంటి నేను ఒక బేరంలో చిత్తుగా ఓడిపోయాను.

ఆ రోజు పెద్దనాయన పనిమీద కోదాడ వెళ్లి తమ్ముడి దుకాణంలో కూర్చున్నాడు. ఛాతీలో మంటగా ఉందన్నాడు. మావాళ్ల లెక్కలో ఛాతీ మంటంటే గ్యాసు, గ్యాసుకు మందు నిమ్మకాయ పిండి ఉప్పేసిన సోడా. గల్లా దగ్గర కూర్చున్న ఏ దుకాణదారుణ్ని అడిగినా ఇదే వైద్యం చెబుతాడు. చిన్నాయన తన చేత్తో కలిపిచ్చాడు. తాగి, తేలికైందంటూ లేచిన మనిషి దుకాణం మెట్ల మీద పడిపోయాడు. దవాఖానకు చేరేసరికే ప్రాణం లేదు.

మెట్ల మీద పడ్డాడు కాబట్టి పోస్టుమార్టం తప్పదన్నారు పోలీసులు. ఈలోపు పెద్దమ్మ వచ్చింది. ఏడుస్తూనే మరిదిని ఒక్కటడిగింది.

"ఆ సోడల ఏం గలిపినవ్ తమ్మీ?"

అన్నదమ్ముల మధ్య అప్పటికే వాటాల గొడవ నడుస్తోంది మరి. చిన్నాయన లేచి దూరంగా వెళ్లి నిలబడ్డాడు.

నేను రంగంలోకి దిగాను. కోత వద్దు, పైపైన చూసి రాసేయమని ముందు పోలీసాయనను, తర్వాత డాక్టరమ్మను బతిమాలాను. పోనీ తల ఒక్కటి చూడండి, కాదంటే ఛాతీ ఒక్కటి, అంటూ దిగుతూ వచ్చాను.

"ఇదేమన్నా చీరా బాబూ, అంచు చూసి ధర చెప్పడానికి?" అని ఆమె లోపలికి వెళ్లింది.

బయటికొచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. తలకు పైన గీరుకుపోయిందంతే, ఎముక విరగలేదు, లోపల రక్తం కారలేదు. గుండెకు నెత్తురు తీసుకెళ్లే నాళాల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుని, ఉప్పునీటి పైపుకు సున్నం పట్టినట్టు దారి సన్నబడింది. ఆ సన్నటి చోటే కొత్తగా నెత్తురు గడ్డకట్టి అడ్డంపడింది. సోడా మీద అనుమానం అన్నారు కాబట్టి కడుపులోది ల్యాబుకు పంపుతామంది. ఇంకో సంగతి, గుండె కండ మీద ఒక తెల్లమచ్చ ఉందట. పాత దెబ్బ మానిన గుర్తు. ఇంతకుముందే ఒకసారి గుండెపోటు వచ్చిపోయింది, మీరెవరూ గుర్తుపట్టలేదు అంది.

పెద్దమ్మ ఏడుపు ఆగింది. మిర్యాలగూడలో చుట్టాల పెండ్లి గుర్తొచ్చింది ఆమెకు. భోజనాలయ్యాక పెద్దనాయన ఒళ్లంతా చెమటలతో గోడకు చేరగిలబడ్డాడట. ఈమే పరుగున వెళ్లి సోడా తెచ్చి తాగించిందట. సాయంత్రానికి నెమ్మదిస్తే, సోడా గుణమని ఊరంతా చెప్పుకుంది కూడా.

చిన్నాయన దూరంగా తలొంచుకుని నిలబడి ఉన్నాడు. ఆమె వెళ్లి చెయ్యి పట్టుకుంది.

"నాడు నేను గూడ గదే సోడ పోసిన తమ్మీ. మనిద్దరికీ తెల్వలే. ఇగ రా, అన్నను ఇంటికి తీస్కపోదాం."

విషమేదీ లేదని ల్యాబు నుంచి తర్వాతెప్పుడో వచ్చింది. అప్పటికి దానికోసం ఎవరూ ఎదురుచూడటం లేదు.

మొన్న కోదాడలో మిర్చి బజ్జీలు లాగించి, చిన్నాయన దుకాణంలో కూర్చుని ఛాతీ మంటగా ఉందన్నాను, సోడా వస్తుందన్న ఆశతో. ఆయన షట్టరు దించి ఆటోను పిలిచాడు. అలవాటు కొద్దీ నేను కిరాయి దగ్గర మొదలుపెట్టాను.

"బేరం దవాఖానల చేద్దువుగని, ముందుగాల ఎక్కు" అని నన్ను లోపలికి తోశాడు.

ఈసీజీ బాగానే వచ్చింది. నిజంగా గ్యాసే. ఆ సంతోషంలో చిన్నాయన ఆటోవాడికి అడిగినంతా ఇచ్చేశాడు. మా వంశంలో అది మొదటిసారి.