కార్తీకంలో అద్దం ఆరబెట్టడం

జిగురు ఆరడానికి ఫ్యాను చాలుననుకున్న తెలివితక్కువ మనిషిని నేనే. తిరుపతిలో ఇరవై ఏళ్లుగా దేవుడి పటాలకు అద్దాలు బిగిస్తున్నాను. అద్దం కొయ్యడం తెలుసు, తుడవడం తెలుసు, అందులో చూసుకుని ఉన్న నాలుగు వెంట్రుకలు దువ్వుకోవడం తెలుసు. ఆరబెట్టడం కూడా ఒక విద్యేనని మాత్రం యాభై దాటాక తెలిసింది.

గాజు మీద ఈ మోజు ఫోనులో ఒక వీడియో చూసి పుట్టింది. అద్దాన్ని ఇసుకతో రుద్ది గరుకు చేస్తారు. వడ్రంగులు వజ్రం అని పిలిచే తోలు జిగురును కరిగించి దానిమీద మందంగా పోస్తారు. జిగురు ఎండుతూ ముడుచుకుంటుంది. ముడుచుకుంటూ అద్దం పైపొరను పెచ్చులుగా పీక్కుని లేస్తుంది. లేచినచోట సన్నటి ఆకుల ముగ్గు మిగులుతుంది. వీడియోలో ఆ ఎండడం పావు నిమిషంలో అయిపోయింది.

ఆ పావు నిమిషాన్ని నమ్మి, కార్వేటినగరంలో కొత్త ఇల్లు కట్టుకుంటున్న మా బావమరిదికి తలవాకిలి తలుపు అద్దం నేనే చేసిస్తానని మాటిచ్చాను. గృహప్రవేశానికి మూడు రోజుల ముందు చేతికి రాకపోతే, పూల స్టిక్కరు అంటించిన అద్దం ఇంకో అంగట్లో తెచ్చుకుంటానన్నాడు అతను. అద్దాల అంగడివాడి బావమరిది తలుపుకు బయటి స్టిక్కరంటే, అది తలుపుకు కాదు, నా మొహానికి అంటించినట్టే.

ముహూర్తం కార్తీకంలో. మా వైపు వానలు దంచేదీ అప్పుడే. జిగురు పోసి ఫ్యాను అయిదులో పెట్టాను. సాయంత్రానికి పైన మీగడ కట్టింది, లోపల పెరుగులా కదులుతోంది. మరునాడు మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు తెచ్చి ఊదాను. బుడగలు లేచాయి, తోలు వాసన ఇల్లంతా పట్టింది. ఆ డ్రయ్యరు ఇక నన్నే ఉంచుకోమంది ఆవిడ. నాకు ఆరబెట్టుకునేంత జుట్టు లేదని ఇద్దరికీ తెలుసు.

మూడోనాడు కాస్త ఎండ కాసింది. అద్దాన్ని మిద్దె మీదికి ఎక్కించి, కాకులు వాలకుండా నా తెల్ల పంచె కప్పి, భోజనానికి దిగాను. తిరిగొచ్చేసరికి జిగురు ఎండకు మెత్తబడి పంచెను కరుచుకుంది. లాగితే రాదు. గుడ్డ మీద పెట్టిన వడియాలు ఊడిరాకపోతే మా ఇళ్లలో ఏం చేస్తారు? గుడ్డ వెనక నీళ్లు చల్లి ఒలుస్తారు. నేనూ చెంబుతో నీళ్లు తెచ్చి చల్లాను. గొంతుక్కూర్చుని ఒలవసాగాను. మూడు రోజులు ఆరబెట్టినదాన్ని నా చేత్తోనే తడుపుతున్నానని తట్టలేదు. సరిగ్గా అప్పుడే బావమరిది మెట్లెక్కి వచ్చాడు.

“ఏం బావా, కార్తీకంలో వడియాలు పెడతాండావా?”

“అద్దంరా. ఆరబెడతాండా.”

“అద్దానికి పంచె కట్టేది ఈడే సూస్తాండా. ఎండినంక నూనెలో యాంచుతావా?”

ఫోటో తీసి చుట్టాల వాట్సాప్‌లో పెట్టాడు. పొద్దు గూకేలోగా చిత్తూరు నుంచి ముగ్గురు ఫోన్ చేసి, తమకూ కాసిన్ని పంపమన్నారు. నా పేరు వడియాల బావ అయిపోయింది. జిగురు ఎండలేదు గానీ, నన్ను మాత్రం బాగా ఎండగట్టింది.

ఆ రోజుల్లో మా ఇంట్లోనే ఉంటున్న అత్త, అంటే బావమరిది కన్నతల్లి, నన్ను పక్కకు పిలిచింది.

“పైన ఎండితే ఎండినట్టు గాదు నాయనా. ముందు నీడన వదలల్ల. ఏలు పెడితే అంటగూడదు. ఆ మీదట కాక సూపించల్ల.”

మూడు రోజులుగా ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను.

“అల్లుడు అడక్కుండా ఎట్ల సెప్పేది?”

గడువుకు ఇంకా వారం ఉంది. పాత జిగురును వేడినీళ్లతో కడిగేసి మళ్లీ కరిగించాను. గరిటె చేతిలోకి తీసుకోగానే ఒక ఆలోచన వచ్చింది. నేను పోసే తీరు చూసి అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది గానీ, వద్దనలేదు. రెండు రోజులు నీడలో, ఫ్యాను ఒకటిలో. వేలికి అంటడం మానేశాక, బీరువా ఖాళీ చేసి అద్దాన్ని లోపల నిలబెట్టాను. కింద ఒక బల్బు, పక్కన తేమ పీల్చడానికి పళ్లెం నిండా కాల్చిన సున్నపురాళ్లు. ఆ సున్నం ఒక్కటే నా సొంత తెలివి. మా ఆవిడ చీరలన్నీ మంచమెక్కాయి, నేను చాప మీదికి దిగాను.

రెండోరోజు పొద్దున బీరువాలో టిక్కుమంది. తర్వాత టిక్కు టిక్కు. అత్త తలుపుకు చెవి ఆనించి, ఇప్పుడు ఎండిందని తేల్చింది. కళ్లద్దాలు పెట్టుకుని తెరిస్తే, జిగురంతా అప్పడం ముక్కల్లా లేచి రాలుతోంది.

అద్దాన్ని దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, బస్సులో గడువు రోజుకే కార్వేటినగరం చేర్చాను. బావమరిది దాన్ని వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు.

“పూలు శానా బాగుండాయి బావా,” అన్నాడు.

పూలే అనుకోనిచ్చాను.

గృహప్రవేశం నాడు ఎండ వచ్చి అద్దం మీద పడింది. మొదట గడప తొక్కిన పెద్దాయన ఆగి, తలుపు వైపు చూసి అడిగాడు.

“ఏమప్పా, తలుపు మీద వడియాలు పెట్టినావు?”

అవును మరి. రెండోసారి జిగురును అద్దమంతా పరచలేదు. గరిటెతో గుండ్రంగా, వరసలు వరసలుగా, అత్త వడియాలు పెట్టే కొలతలోనే వేశాను. అవి పూలని బావమరిది ఆయనకు నచ్చజెప్పాడు. తర్వాత వచ్చినవాళ్లకూ చెప్పాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు చెబుతూ పంక్తి వైపు తిరిగి నన్ను చూశాడు. నేను అప్పటికే ఆకు ముందు కూర్చుని, ఇంకో రెండు వడియాలు వడ్డించమని అడుగుతున్నాను.