కారులో మగ్గం

మొన్న పొద్దున మా వీధిలో మగ్గాలు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. నారాయణపేటలో మా నేతవాళ్ల వీధికి ఇది పాత కట్టుబాటు. వీధిలో ఎవరైనా పోతే, శవం లేచేదాకా ఎవరూ మగ్గం తొక్కరు. కబురు తెచ్చే మనిషికంటే ముందు ఆ నిశ్శబ్దమే ఇల్లిల్లూ తిరుగుతుంది. నేను చేతిలో పోగు అలాగే పట్టుకుని చెవి ఒగ్గాను. చివరి మగ్గం కూడా ఆగాక పక్కింట్లోంచి చాచి ఏడుపు వినిపించింది. ఆమె పెనిమిటి, మా డ్రైవర్ చాచా పోయాడు.

ఆయన నేతవాడు కాదు. మా కులమూ కాదు, మతమూ కాదు. ఆయన కోసం మగ్గాలాపమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

గుండ్రటి వీపున్న పాత తెల్ల కారు ఆయనది. మక్తల్ సంతకు, జడ్చర్ల రైలుకు, పాలమూరు దవాఖానకు కిరాయికి నడిపేవాడు. పెళ్లికొడుకులు ఎక్కిందీ అదే, నొప్పులు పడే ఆడవాళ్లు ఎక్కిందీ అదే. స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించి, పసిపిల్లకు జ్వరం చూసినట్టు కాసేపు నిలబడేవాడు. తలుపు ధడేలుమని వేస్తే ఎంత పెద్దమనిషినైనా ముఖం మీదే తిట్టేవాడు.

"మరికల్ కాడ జీపు దగ్గితె గీయినకు ఇనబడ్తది. ఇంట్ల ఉప్పు లేదంటె మాత్రం ఇనబడదు" అని చాచి దెప్పేది. అది నిజమే. ఒకసారి మా ఇంటి పెళ్లి భోజనాల్లో విస్తట్లో చెయ్యి పెట్టినవాడు పెట్టినట్టే ఆగిపోయాడు. కూర చెడిందేమోనని వంటాయనకు చెమటలు పట్టాయి. "కూర మంచిగనే ఉన్నది. బయట లారీ పోయింది సూడు, దాని పానం బాగలేదు" అన్నాడు చాచా, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

ఆయన నాకు చెప్పిన మాటలు రెండు మూడు ఉన్నాయి. "ఇనుము అబద్ధాలకోరు బిడ్డా. రోగం ఒకతాన ఉంటది, మొత్తుకునేది ఇంకోతాన" అనేవాడు. "చప్పుడు ఇనాల్నంటె ముందు నీ సొంత చప్పుడు పక్కకు పెట్టాలె" అనేవాడు. ఈ రెండో మాట ఎందుకు చెప్పేవాడో తెలియాలంటే మా నాయిన పోయిన సంగతి చెప్పాలి.

వీధిలో ఇన్ని మగ్గాలు మోగుతున్నా మా నాయిన మగ్గం ఏదో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఆయనకు చిన్నప్పుడే ఎడమకాలు సగం చచ్చుబడింది. మాది గుంట మగ్గం, కాళ్లు గుంటలో పెట్టి తొక్కాలి. కుడికాలి వంతు చకచకా అయిపోయేది. ఎడమకాలి వంతు వచ్చేసరికి దాన్ని కూడదీసుకోవడానికి ఆయన కాస్త ఆగేవాడు. టక్, టక్, ఒక చిన్న ఖాళీ, మళ్లీ టక్. ఆయన కూతురిగా ఆ ఖాళీ వింటూనే నేను పెరిగాను.

ఎనభైల్లో ఒక ఎండాకాలం నాయిన పాలమూరు దవాఖానలో కన్నుమూశాడు. శవాన్ని ఎక్కించుకోవడానికి వేరే బండ్లవాళ్లు జంకితే చాచా వచ్చి తన కారు వెనక సీట్లో పడుకోబెట్టాడు. తల నా ఒళ్లో ఉంది. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద పురుగు లేదు. మరికల్ దాటాక ఇంజన్‌లోంచి చప్పుడు మొదలైంది. టక్, టక్. చాచా మెడ బిగుసుకుంది. అద్దంలోంచి ఆయన ముందు నాయిన ముఖం చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

మా వీధి అప్పటికే నాయిన కోసం మగ్గాలు ఆపి ఎదురుచూస్తోంది. ఆ నిశ్శబ్దంలోకి కారు మగ్గం మోగించుకుంటూ వచ్చింది. ఆడవాళ్లు గడపల్లోకి వచ్చారు. "యాడనో మగ్గం నడుస్తాంది" అన్నారెవరో. మా అవ్వ, అంటే నాయిన తల్లి, పరుగున వచ్చింది. కొడుకు శవం దగ్గరికి కాదు, బానెట్ దగ్గరికి. రెండు చేతులూ దాని మీద పెట్టి, "వచ్చినవా కొడుకా" అంది.

అంత్యక్రియలయ్యాక అవ్వ పోయి ఆ కారు వెనక సీట్లో కూర్చుంది. దిగమంటే దిగదు, తినమంటే తినదు. పొద్దునా సాయంత్రం ఇంజన్ స్టార్ట్ చేయమనేది. ఆ చప్పుడు మోగినంతసేపూ ముఖం తేటగా ఉండేది. ఆపితే మళ్లీ వాడిపోయేది. ఊళ్లో ఆ కారు నేస్తోందని చెప్పుకున్నారు. ఎక్కడానికి ఒక్కరూ రాలేదు. చాచా బాధ అది కాదు. లోపల బేరింగ్ పోయి ఉంటే ఇంజన్ ఏ రోజైనా పగిలిపోతుంది, విప్పి చూడాలి. విప్పుదామంటే అవ్వ కొంగు పరిచి అడ్డం పడుకుంటుంది. ఆ చప్పుడు ఆగిన రోజు అవ్వ కూడా ఆగిపోతుందని నాకు భయంగా ఉండేది. రోజుకు రోజు ఆమె చేతులు పుల్లల్లా అవుతున్నాయి.

దినాలకు ముందు ఒక మధ్యాహ్నం చాచా కారు తలుపు దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, అండ్ల ఉన్నది నీ కొడుకైతె నేను చెయ్యి పెట్ట. అల్లా మీద ఒట్టు. ఇంజన్ రోగమైతె మాత్రం నన్ను జర చూడనియ్యి."

"ఎట్ల తెలుస్తది నీకు?"

"అడుగుత. ఒక్కొక్కటి అడుగుకుంట పోత."

ఇంజన్ నడుస్తుండగానే ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటిగా పీకి పెట్టాడు. కారు ఒళ్లంతా వణికింది కానీ చప్పుడు మారలేదు. "బేరింగ్ కాదు" అని ఊపిరి వదిలాడు. ఫ్యాన్ బెల్టు తీసి చూశాడు, అదీ కాదు. పైన మూత విప్పి, కర్రపిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను ఇనుముకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. ఒకచోట ఆగి, సన్నటి రేకుముక్కను సందులో దోపాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది, చప్పుడు మాత్రం పీక నొక్కినట్టు ఆగిపోయింది.

"తియ్! నా కొడుకు గొంతు పిసుకుతున్నవ్!" అని సీట్లోంచి అవ్వ కేక పెట్టింది.

చాచా రేకు బయటికి లాగాడు. మళ్లీ టక్, టక్.

నాకేసి చూసి పెదవులతోనే అన్నాడు, టాపెట్ అని. లోపల వాల్వును నొక్కే ముక్క వదులైందన్నమాట. పానా తిప్పితే అయిపోయే పని. ఇంకొకరైతే ఆ మాట చెప్పి, తిప్పి, చేతులు దులుపుకునేవారు. ఆయన పానా కింద పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు. అవ్వను చెయ్యి పట్టి దింపి, ఇంజన్ దగ్గర నిలబెట్టి, కర్రపిడి ఆమె చెవికి ఆనించాడు.

"నీ కొడుకు మగ్గం నీకెరుకైనంత నాకెరుకలేదు. ముందు నీ ఏడుపు, నీ గుండె చప్పుడు పక్కకు పెట్టు. పెట్టి ఇను. నువ్వెట్లంటె గట్లనే."

అవ్వ కళ్లు మూసుకుంది. కుడిచేతి వేలు బానెట్ అంచు మీద తాళం వేయసాగింది. టక్, టక్, అక్కడ వేలు ఆగింది. ఇంజన్ ఆగలేదు. మళ్లీ మొదలుపెట్టింది. వేలు మళ్లీ ఆగింది, ఇంజన్ ఆగకుండా కొట్టుకుంటూ పోయింది. అలా ఎంతసేపు నిలబడిందో నాకు తెలియదు. చివరికి వేలు మడిచేసుకుంది.

"ఆగుతలేదు సాయిబూ" అంది. "నా కొడుకు ఆగెటోడు. కాలు ఎత్తుకోనికి ఆగెటోడు. గిది కాళ్లు మంచిగున్నోళ్ల నేత."

కొడుకు పోయాక మొదటిసారి అప్పుడు ఏడ్చింది. నేలమీద కూలబడి ఏడ్చింది. "నీ బండి బాగుచేసుకో" అని కూడా అంది. ఆ సాయంత్రం చాచి జొన్న గటకలో మజ్జిగ పోసి తెస్తే తాగింది. ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. మా అవ్వను మాకు దక్కించింది ఆయనే. ఈ మాట ఆయన ముందు అంటే నవ్వి బీడీ వెతుక్కునేవాడు.

టాపెట్ సరిచేశాక మూత బిగిస్తూ చాచా నన్ను దగ్గరికి పిలిచాడు. గొంతు తగ్గించాడు.

"బిడ్డా, గిప్పుడు నేను సదిరింది గీ చప్పుడును. గనీ మరికల్ కాడ మనం ఇన్నది గిట్ల లేకుండె. ఆడ నడుమ నడుమ ఆగింది. నువ్వు ఇన్నవా?"

విన్నానని తలూపాను. నా ఒళ్లో నాయిన తల ఉండగా ఆ ఖాళీ నాకు స్పష్టంగా వినిపించింది. చాచా బానెట్ మెల్లగా దించాడు. అవ్వకు ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. మేమిద్దరం కూడా మళ్లీ దాన్ని ఎత్తుకోలేదు. కారు అటు తర్వాత ఏ వింత చప్పుడూ చేయలేదు.

ఆయనకు చూపు తగ్గాక కారును రేకుల షెడ్డులో ఇటుకల మీద నిలబెట్టారు. బ్యాటరీ ఎప్పుడో తీసేశారు. అయినా రోజూ పొద్దున పోయి బానెట్ మీద అరచెయ్యి పెట్టి వచ్చేవాడు.

మొన్న చాచాను మోసుకుపోయే జనాజా లేచే వేళకు నేను ఆ షెడ్డులోకి పోయాను. ఆడవాళ్లు ఖబరస్తాన్‌కు పోరు కదా, మరెక్కడ నిలబడాలో తోచలేదు. కర్రపిడి స్క్రూడ్రైవర్ మేకుకు వేలాడుతోంది. దాని కొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. నా ఏడుపు పక్కకు పెట్టాను. ఊపిరి బిగబట్టాను. వీధిలో ఒక్క మగ్గం కూడా నడవడం లేదు.

టక్. టక్. ఒక చిన్న ఖాళీ. టక్.

నా గుండేమో అనుకుని రొమ్ము మీద చెయ్యి వేసుకున్నాను. గుండె ఆగకుండా కొట్టుకుంటోంది. చెవిలోది మాత్రం ఆగి, మళ్లీ మొదలవుతోంది. ఇంతలో జనాజా కదిలింది. చివర ఇంట్లో ఒక మగ్గం మొదలైంది, దాని వెనక ఇంకొకటి, ఆ వెనక వీధి మొత్తం. ఏ చప్పుడు ఎక్కడిదో విడదీసి చెప్పగలిగిన మనిషి అప్పటికే మా వీధి మలుపు దాటిపోయాడు.