మహల్ కట్టించుకున్న ఆమె

పాత పుస్తకాల వాసన తగిలితే మా మేనత్త గుర్తొస్తుంది. భర్తను వదిలి పటాన్‌చెరులోని మా ఇంటికి వచ్చేసిన అత్త, మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, సెలవు దొరికితే పుస్తకాలు చదివేది. ఒకసారి ఒక నర్తకి జీవితచరిత్ర తెచ్చింది. ఆ నర్తకి మొగుణ్ణి కాదని నవాబుతో వెళ్లిపోయి, తన పేరు మీద మహల్ కట్టించుకుందట. పుస్తకంలో దాని బొమ్మ ఉంది: రంగుటద్దాల కిటికీలు, పువ్వులు చెక్కిన స్తంభాలు. అంత అందమైన ఇల్లు నేనెన్నడూ చూడలేదు. అత్త పైకి చదువుతుంటే నానమ్మ మండిపడింది.

“గా సిగ్గులేనిదాని కథ పోరి ముందట చదువుతవా?”

నానమ్మ అలా తిట్టేది చుట్టాలనే కాబట్టి, ఆ నర్తకి కూడా కొండాపూర్‌లో ఉండే మా చుట్టమేమో అనుకున్నాను.

“మనింటికి ఎప్పుడొస్తది నానమ్మా?”

అత్త పగలబడి నవ్వింది కానీ చదవడం ఆపలేదు. నర్తకిని మొగుడు కొట్టిన సంగతి వచ్చేసరికి బియ్యం ఏరుతున్న నానమ్మ చెయ్యి ఆగింది.

“ఇగ తర్వాత ఏమైంది?”

అత్త ఆ అధ్యాయం చివరిదాకా చదివింది. నానమ్మ చాట పక్కకు పెట్టి, నెమ్మదిగా అడిగింది.

“మరి నువ్వెందుకొచ్చినవు బిడ్డా?”

అత్త వచ్చి అప్పటికే ఏడాది దాటింది. అంతవరకు ఆమెను ఆ మాట ఎవరూ అడగలేదని నాకు పెద్దయ్యాకే తెలిసింది.