పది అడుగుల బేరం

కోరుట్లలో మాది బట్టల దుకాణం. ఏ వస్తువైనా చెప్పిన ధరకే కొనుక్కొస్తే మా ఇంట్లో ఆ పూట ఎవరికీ అన్నం సహించేది కాదు. మన ధర చెప్పి, లేచి పది అడుగులు నడవాలి. వెనక నుంచి పిలుపు వస్తుంది. నేను గట్టిగా నేర్చుకున్న చదువు ఇదొక్కటే.

సిరిసిల్లలో మా బావ ఏళ్ల తరబడి కూలికి నడిపిన నాలుగు సాంచాలను, అంటే మరమగ్గాలను, సేటు అమ్మకానికి పెట్టాడు. సాయంత్రంలోపు నగదు ఇస్తే బావవి. లేకపోతే పాత ఇనుము వాళ్లవి. బావ దగ్గర సగమే ఉంది. మిగతా సగం నేనిస్తానన్నాను. అది నా ఫోన్‌లో బిట్‌కాయిన్‌గా ఉంది.

జగిత్యాలలో కాయిన్ తీసుకుని నగదు ఇచ్చే ఒకాయన ఉన్నాడు. పొద్దున్నే ఆయన సెల్‌ఫోన్ దుకాణానికి పోయాను. ఆయనకు పంపేటప్పుడు ఫీజు ఎంత పెడతావని ఫోన్ అడిగింది. ఎక్కువ, మధ్య, తక్కువ. అంతకన్నా తక్కువ మనమే వేసుకునే గడి కూడా ఉంది. ఇంకేం, వేశాను.

పన్నెండైనా పంపింది ఖరారు కాలేదు. అది అయితేగానీ ఆయన నగదు ఇవ్వడు.

"గంత తక్కువ పెడితే ఎవడు ముట్టుకుంటడన్నా?" అన్నాడాయన. "ఒక్కో బ్లాకుల, అంటే లెక్క రాసే పేజీల, కొన్నే పడ్తయి. ఆ పేజీ రాసెటోళ్లు ఎక్కువిచ్చినోళ్లయి ముందుగాల ఏరుకుంటరు. ఇయ్యాల రష్ గట్లుంది. ఫీజు పెంచు, పోతది."

నాకు తెలియని సంగతి కాదు. పెళ్లిళ్ల రోజుల్లో గీచి గీచి బేరమాడేవాళ్లను మేమూ బల్ల మీద కూర్చోబెట్టి, అడిగింది ఇచ్చేవాళ్లకే ముందు చీరలు విప్పేవాళ్లం. పెంచే మీట నా వేలి కిందే ఉంది.

"ఇంకో గంట జూద్దాం. ఆళ్లే దిగొస్తరు," అన్నాను.

"నువ్వు లేచి పోతున్నవని సూసెటోడు ఆడ ఎవడున్నడన్నా?" అని నవ్వాడు.

ఆ గంట అయ్యాక ఇంకో గంట అన్నాను. నాలుగింటికి బావ ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, లారీ అచ్చింది. సుత్తెలు దించుతుండ్రు. పైసలేమాయె?"

"అస్తున్న బావా, ఆపుమను."

అప్పుడు పెంచాను. అరగంటలో ఖరారైంది. నగదు పట్టుకుని సిరిసిల్ల చేరేసరికి లారీ కూడా లేదు. ఖాళీ షెడ్డులో, నేలలో మిగిలిన బోల్టుల మధ్య బావ కూర్చుని ఉన్నాడు. జరిగింది దాచకుండా చెప్పాను. ఆయన ఏదో అడిగాడు, వినిపించలేదు. సాంచాల మోతలో బతికిన మనిషి, ఎప్పుడూ అరిచినట్టే మాట్లాడేవాడు. దగ్గరికి వంగాను.

"ఎంత కోసం ఆగినవు?"

"రెండు వందల పది రూపాయలు," అన్నాను.